నిద్ర చాలనివారు, నిద్ర పట్టనివారు

(గ్రంథ విమర్శ)

నిద్రను గూర్చి సామాన్య పాఠకులకై వ్రాయబడిన శాస్త్రగ్రంథములలో ఇటీవలి కాలమున మిక్కిలి ప్రచారము పొందినది మాథ్యూ వాకర్ రచించిన 'వై ఉయ్ స్లీప్'. 'మనమెందుకు నిద్రింతుము' అని ఆ పేరునకు అర్థము. ఇది 2017లో వెలువడినది. గ్రంథకర్త బ్రిటిష్ దేశీయుడు. అమెరికాలో బర్క్‌లీయందలి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున ఆచార్యుడుగా నుండి, నిద్రపై స్వయముగా పరిశోధనలు జరిపినవాడు. కావున ఇది విషయము తెలియనివారు వ్రాసిన పుస్తకము కాదు. అయినను దీనిని గూర్చి కొంత నిదానించి చెప్పవలసియున్నది. ఏలయన, ఇందలి మాటలు పుస్తకమును కంట చూడనివారికి సైతము పత్రికల ద్వారా, ఉపన్యాసముల ద్వారా, సెల్‌ఫోనులలో తిరుగు చిన్న చిన్న వీడియోల ద్వారా చేరుచున్నవి. ఎనిమిది గంటలు నిద్రింపనివానికి ఆయుస్సు తగ్గును, మతిమరపు వచ్చును, కేన్సరు వచ్చును అని విన్న విద్యార్థులు మన తరగతులలోనే యున్నారు. వారిలో కొందరు ఆ మాట విని వేళకు పడుకొనుచున్నారు. మంచిదే. మరికొందరు వేళకు పడుకొని, నిద్ర రాక, ఆ మాటనే తలచుకొని గడియారము వంక చూచుచున్నారు. ఈ రెండవ తెగవారిని దృష్టియందుంచుకొని ఈ విమర్శ వ్రాయబడుచున్నది.

మొదట గ్రంథము యొక్క గుణములను చెప్పుట న్యాయము. నిద్ర యనగా దేహము ఊరక పడియుండుట యని చాలకాలము జనులు తలచిరి. 1953లో షికాగో విశ్వవిద్యాలయమునకు చెందిన ఆసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అను శాస్త్రజ్ఞులు, నిద్రించువారి కన్నులు కొన్ని సమయములందు రెప్పల క్రింద వడివడిగా కదలుచుండునని ప్రకటించిరి. నిద్ర రాత్రియంతయు ఒకే తీరున సాగదనియు, సుమారు 90 నిమిషముల కొక ఆవృత్తిగా గాఢనిద్రయు, కలలు మెండుగా వచ్చు నిద్రయు మారి మారి వచ్చుచుండుననియు క్రమముగా తెలిసినది. పగటివేళ నేర్చిన పాఠము జ్ఞాపకమున కుదురుకొనుటకు నిద్ర ఎట్లు తోడ్పడునో వాకర్ తేటగా చెప్పెను. రాత్రి నిద్ర చాలక వాహనము నడుపుటలోని ప్రమాదమును గట్టిగా చెప్పెను. ఈ భాగములను ఉపాధ్యాయులు తప్పక చదువదగును.

నిద్ర ఎట్లు వచ్చునో వివరించిన భాగము మరియు ముఖ్యము. స్విట్జర్లాండు శాస్త్రజ్ఞుడు అలెగ్జాండర్ బోర్బెలీ 1982లో ప్రతిపాదించిన సిద్ధాంతము ప్రకారము నిద్ర రెండు కారణముల కలయికవలన వచ్చును. ఒకటి, మేలుకొని యున్నంతసేపును పెరుగుచుండు నిద్ర అవసరము. మెదడులో ఎడినోసిన్ అను పదార్థము మేలుకొనియున్న గంటలను బట్టి పోగగుచుండుట ఇందుకొక కారణము. కాఫీలోని కెఫీన్ ఈ ఎడినోసిన్‌ను పని చేయనీయక అడ్డగించును. అందుచేతనే కాఫీ త్రాగినవానికి కొంతసేపు నిద్రమత్తు తెలియదు. రెండవది మెదడులోని జీవగడియారము. ఇది వెలుతురును బట్టి తన్ను తాను సరిదిద్దుకొనుచు, రాత్రియైనదని దేహమునకు తెలుపును. మొదటి కారణమును మన పెద్దలు ఎడినోసిన్ పేరు తెలియకయే గుర్తించిరి. 'ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు' అను సామెత అదియే. పగలంతయు మేలుకొని పని చేసినవానికి పరుపుతో పని లేదు. ఈ సామెతను పాఠకులు గుర్తుంచుకొనవలెను. దీనితో మనకు ముందు పని యున్నది.

ఇక గ్రంథములోని లోపములు. మొదటిది లెక్కలకు సంబంధించినది. తక్కువ నిద్రించినవారు త్వరగా మరణింతురని గ్రంథకర్త పదే పదే హెచ్చరించెను. ఈ విషయమున ఏమి తెలిసియున్నదో చూతము. 2002లో డానియల్ క్రిప్కీయు, ఆయన సహచరులును అమెరికన్ కేన్సర్ సొసైటీ సేకరించిన 11 లక్షల మందికి పైబడిన పెద్దల వివరములను పరిశీలించి ఫలితములను ప్రకటించిరి. అందరికంటె ఎక్కువగా బ్రతికియున్నవారు ఎనిమిది గంటలు నిద్రించినవారు కారు. రాత్రికి సుమారు 7 గంటలు నిద్రించుచున్నామని చెప్పినవారు. 2010లో కపూచియో మొదలగువారు 16 పరిశోధనల ఫలితములను ఒకచోట చేర్చి లెక్కించిరి. తక్కువ నిద్రించువారిలో మరణము 12 శాతము ఎక్కువగా కనబడినది. ఎక్కువ నిద్రించువారిలో 30 శాతము ఎక్కువగా కనబడినది.

ఎక్కువ నిద్ర మనిషిని చంపునని దీనినిబట్టి ఎవ్వరును చెప్పుట లేదు. లోలోపల వ్యాధి గలవారు ఎక్కువ నిద్రించుచుండవచ్చును. మరణమునకు ఆ వ్యాధియే కారణము కావచ్చును. వాన కురియు దినమున వీధిలో గొడుగులు ఎక్కువగా కనబడును. గొడుగులే వానను తెచ్చినవనుట తగదు గదా! ఈ జాగ్రత్త ఎక్కువ నిద్రకు వర్తించినప్పుడు తక్కువ నిద్రకును వర్తింపవలెను. దారిద్ర్యము, రాత్రి కొలువు, దీర్ఘవ్యాధి, మనోవ్యాకులత—ఇవన్నియు నిద్రను తగ్గించును, ఆయుస్సును కూడ తగ్గించును. తక్కువ నిద్ర వలన ఏ హానియు లేదని నా అభిప్రాయము కాదు. 2003లో అమెరికాలో జరిగిన ఒక ప్రయోగమున రాత్రికి ఆరే గంటలు నిద్రించుటకు అనుమతింపబడినవారి ఏకాగ్రత రెండు వారములలో చాల క్షీణించినది. తమకేమియు కాలేదని మాత్రము వారు తలచుచుండిరి. పెద్దలకు 7 గంటలకు తక్కువ కాని నిద్ర అవసరమని అమెరికాలోని నిద్రావైద్యుల సంఘము 2015లో చెప్పినది. ఇది హితవు. హితవును హితవుగా చెప్పిన చాలును, మరణశాసనముగా మార్చరాదు.

రెండవ లోపము మరింత గట్టిది. గ్రంథములో ఒక పటమున్నది. బాలక్రీడాకారులు నిద్రించు గంటలకును, వారికి తగులు గాయములకును గల సంబంధమును అది చూపును. 6, 7, 8, 9 గంటలకు నాలుగు కడ్డీలు గీయబడినవి. నిద్ర పెరిగిన కొలది గాయములు మెట్లు దిగినట్లు తగ్గుచున్నవి. చూచుటకు ఎంతో చక్కగా నున్నది. కాని 2014లో వెలువడిన మూలవ్యాసములో 5 గంటలకు కూడ ఒక కడ్డీ యున్నది. ఆ కడ్డీ 6 గంటల కడ్డీకంటె పొట్టిది! అనగా మరింత తక్కువ నిద్రించినవారికి గాయములు తక్కువ. మొత్తము పరీక్షింపబడినవారు 112 మంది మాత్రమే. కనుక 5 గంటలవారు అతి కొద్దిమందియై యుండవచ్చును. అట్లయినచో ఆ మాట వ్రాసి కడ్డీని ఉంచవలెను, కడ్డీని తీసివేయరాదు. 2019లో అలెక్సీ గూజీ అను పరిశీలకుడు ఈ లోపమును ఇతర లోపములతో కలిపి బయటపెట్టెను. కొలంబియా విశ్వవిద్యాలయమునకు చెందిన గణాంకశాస్త్రజ్ఞుడు ఆండ్రూ గెల్మన్ దీనిపై తీవ్రముగా వ్రాసెను. మన ప్రయోగశాలలో విద్యార్థి లోలకమునకు ఐదు కొలతలు తీసికొని, గీతకు ఒదుగని ఒక కొలతను చెరిపివేసినచో మనమేమందుము? పుస్తకమునకైనను అదియే న్యాయము.

పై రెండును విద్వాంసులు చర్చించుకొని సరిదిద్దుకొనదగిన లోపములు. మూడవది పాఠకుని పడకగది వరకు వచ్చు లోపము. అది ఇద్దరు వేర్వేరు మనుషులను ఒకే మనిషిగా చూచుట.

మన భాషలో 'నిద్రలేమి' అను మాట కలదు. పత్రికలవారు దీనిని రెండు అర్థములలోను వాడుచున్నారు. రాత్రి రెండు గంటల వరకు సినిమా చూచి ఆరు గంటలకు లేచినవానిది నిద్రలేమియే. పది గంటలకు పడుకొని రెండు గంటల వరకు దొర్లినవానిది నిద్రలేమియే. నిజమునకు వీరిద్దరి స్థితియు ఒకటి కాదు. మొదటివానికి నిద్ర వచ్చును. అతడు దానికి సమయము నీయడు, లేక ఇతరులు ఈయనీయరు. రెండవవాడు సమయమునంతయు ఇచ్చును, నిద్రయే రాదు. మొదటివానిని నిద్ర చాలనివాడనియు, రెండవవానిని నిద్ర పట్టనివాడనియు అందము. ప్రయోగశాలలలో మనుషులను మేలుకొలిపి ఉంచి కనుగొన్న కీడులు చాలమట్టుకు మొదటివానికి సంబంధించినవి. వాటిని తెచ్చి రెండవవాని తలపై పెట్టుట సరి కాదు. పైన చెప్పిన 2002 నాటి పరిశీలనలోనే ఇంకొక సంగతి యున్నది: నిద్ర పట్టుట లేదని చెప్పుకొన్నవారిలో, ఆ కారణముచేత మరణములు ఎక్కువగా కనబడలేదు. 2019లో ఆస్ట్రేలియా పరిశోధకులు లొవాటో, లాక్ అనేక పరిశోధనలను కలిపి చూచినప్పుడును ఇదే ఫలితము వచ్చినది. ఈ ఒక్క వాక్యము ప్రతి అధ్యాయమున వ్రాసియున్నచో ఎందరికో ఊరట కలిగియుండెడిది.

భయము నిద్రను ఎట్లు చెరచునో కొంత వివరింపవలెను. చేయి ఎత్తుట మన ఇష్టము. నిద్రించుట మన ఇష్టము కాదు. అది ప్రయత్నము ఆగినచోట మొదలగును. 1996లో డానియల్ వెగ్నర్ మొదలగు మనస్తత్త్వశాస్త్రజ్ఞులు ఒక ప్రయోగమును ప్రకటించిరి. కళాశాల విద్యార్థులను పడుకొనబెట్టి, కొందరిని వీలైనంత త్వరగా నిద్రింపుడనిరి. కొందరిని ఎప్పుడు నిద్ర వచ్చిన అప్పుడే నిద్రింపుడనిరి. మెల్లని సంగీతము వినిపించినప్పుడు త్వరపడుమనుట వలన హాని కలుగలేదు. కాని సైనికుల కవాతు సంగీతము వినిపించినప్పుడు, త్వరగా నిద్రింపవలెనని యత్నించినవారికే ఆలస్యముగా నిద్ర పట్టినది. మనస్సు తీరికగా నున్నప్పుడు చెల్లిన ఆజ్ఞ, కలతగా నున్నప్పుడు ఎదురు తిరిగినది. రేపటి పరీక్షను తలచుకొనుచు పడుకొన్న విద్యార్థి చెవిలో మ్రోగునది ఏ సంగీతమో చెప్పనక్కరలేదు.

2005లో సెమ్లర్, హార్వే అనువారు నిద్ర పట్టని 22 మందికి చేతికి ఒక కొలమానమును కట్టిరి. ఉదయము లేచినంతనే కొన్ని దినములు 'నీ నిద్ర బాగుగా నున్నది' అనియు, కొన్ని దినములు 'బాగుగా లేదు' అనియు తెలిపిరి. ఈ మాటలు ముందే నిర్ణయింపబడినవి. వారి నిజమైన నిద్రతో వాటికి సంబంధము లేదు. బాగుగా లేదని విన్న దినమున వారికి నిద్రమత్తు ఎక్కువగా తోచినది, దిగులు పెరిగినది, దేహములో ఎక్కడెక్కడ అలసట యున్నదో వెదకుకొనుట హెచ్చినది. ఇప్పుడు ఈ పని చేతి గడియారములే చేయుచున్నవి. ఉదయమున అవి చూపు మార్కులను బట్టి తమ నిద్రను నిర్ణయించుకొని, ఆ మార్కులు పెంచుకొనుటకై నిద్ర చెడగొట్టుకొను రోగులను గూర్చి అమెరికా వైద్యులు 2017లోనే వ్రాసిరి. ఇట్టి స్థితికి 'ఆర్థోసోమ్నియా' అని పేరు కూడ పెట్టిరి. వాకర్ గ్రంథమును ఆ గడియారముతో కలిపి చదివిన యువకుని అవస్థ ఊహింపవచ్చును.

నిద్ర పట్టనివారికి చికిత్స లేకపోలేదు. 2016లో అమెరికన్ వైద్యకళాశాల, దీర్ఘకాలము నిద్ర పట్టని పెద్దలకు మాత్రలకంటె ముందుగా ఆలోచనను, అలవాటును సరిదిద్దు చికిత్స ఇవ్వవలెనని సూచించినది. దీనిలో రెండు ముఖ్య భాగములున్నవి. ఒకటి 1972లో రిచర్డ్ బూట్‌జిన్ చెప్పినది. నిద్ర ముంచుకొని వచ్చినప్పుడే పడక చేరవలెను. ఇంచుమించు ఇరువది నిమిషములైనను నిద్ర రానిచో—గడియారము చూడక, అంచనాగా—లేచి వేరొక చోట కూర్చుండి, మెల్లని పని ఏదేని చేసికొని, మరల నిద్ర వచ్చినప్పుడు పడుకొనవలెను. ఎంత నిద్రించినను ఉదయము ఒకే వేళకు లేవవలెను. పగటి నిద్ర మానవలెను. పడక అనగా దొర్లుచు చింతించు చోటు అను అలవాటును దేహము దీనివలన మరచును.

రెండవది 1987లో ఆర్థర్ స్పీల్‌మన్ మొదలగువారు ప్రకటించినది. తొమ్మిది గంటలు పడకపై నుండి ఆరు గంటలే నిద్రించువానిని, కొన్నాళ్లు ఆరు గంటలే పడకపై నుండుమందురు. నిద్ర అవసరము పోగై, పడుకొనినంతనే నిద్ర పట్టును. పడకపై గడపు సమయమంతయు ఇంచుమించు నిద్రతో నిండిన పిదప, వారమునకు పావుగంట చొప్పున సమయమును పెంచుదురు. నిద్ర సుఖమెరుగదన్న సామెతనే వీరు వైద్యముగా మార్చిరి. మూర్ఛవ్యాధి గలవారు, మనస్సు అతిగా పొంగి క్రుంగు వ్యాధి గలవారు, వాహనములు నడుపువారు వైద్యుని పర్యవేక్షణ లేక దీనిని చేయరాదు.

విశేషమేమనగా, గ్రంథకర్తయే ఈ చికిత్సను చివరి అధ్యాయములలో మెచ్చుకొని, నిద్రమాత్రలకంటె ఇదియే మేలని చెప్పెను. పడకపై గడపు సమయమును ఆరు గంటలకో అంతకు తక్కువకో కుదించు పద్ధతిని కూడ ప్రస్తావించెను. ఇది ఆయన నిజాయితీకి నిదర్శనము. కాని ఆరు గంటల నిద్ర దేహమును నాశనము చేయునని వందల పుటలలో విన్న రోగి, ఆరు గంటలే పడుకొనుమన్న వైద్యుని మాటను ధైర్యముగా పాటింపగలడా? మందు పుస్తకములోనే యున్నది. ఆ మందును మ్రింగలేని భయము కూడ ఆ పుస్తకమే కలిగించినది. గ్రంథము చివర పండ్రెండు సూచనల పట్టిక యున్నది. సాయంకాలము కాఫీ మానుట, గది చల్లగా నుంచుట వంటివి మంచి అలవాట్లే. కాని అట్టి సూచనలను మాత్రమే చికిత్సగా వాడవద్దని అమెరికా నిద్రావైద్యుల సంఘము 2021లో సలహా యిచ్చినది. నిద్ర పట్టనివాడు ఆ నియమములన్నియు ఇదివరకే పాటించుచుండును. ఒక్కొక్క నియమము అతనికి ఇంకొక పరీక్షగా మారును.

ఈ భేదము మన పాఠశాలలకు ఎంతో అవసరము. 14 నుండి 17 ఏండ్ల వయస్సువారికి 8 నుండి 10 గంటల నిద్ర తగునని అమెరికాలోని జాతీయ నిద్రాసంస్థ 2015లో చెప్పినది. ఆ వయస్సున జీవగడియారము కొంత వెనుకకు జరిగి, రాత్రి ఆలస్యముగా నిద్ర వచ్చును. మన వసతిగృహములలో రాత్రి పదకొండు వరకు చదివించి, తెల్లవారుజామున ఐదింటికి గంట కొట్టినచో, ఆ పిల్లలు నిద్ర చాలనివారు. తప్పు వారిది కాదు, కాలనిర్ణయ పట్టికది. వాకర్ గ్రంథమును చదువవలసినవారు ఆ పట్టికను వ్రాయువారు. ఆయన గట్టి మాటలు వారికి తగిలినచో మేలే.

అదే గదిలో ఒక మూలనున్న పిల్లవాడు దీపమార్పిన పిదప రెండు గంటలు కన్నులు తెరచుకొని పడియుండవచ్చును. అతనికి అదే ఉపన్యాసము ఇయ్యరాదు. ఒక రాత్రి నిద్ర తగ్గినంత మాత్రమున చదివినదంతయు పోదనియు, మరునాటి రాత్రి దేహము కొంత సరిదిద్దుకొనుననియు చెప్పవలెను. 1963 డిసెంబరు చివర మొదలిడి 1964 జనవరి వరకు, అమెరికాలో ర్యాండీ గార్డ్‌నర్ అను 17 ఏండ్ల ఉన్నత పాఠశాల విద్యార్థి విజ్ఞానప్రదర్శన కొరకు 264 గంటలు మేలుకొని యుండెను. ఇది ఎంతమాత్రము అనుకరింపదగినది కాదు. ఆ దినములలో అతని జ్ఞాపకశక్తియు మనస్సును చాల తొట్రుపడినవి. కాని తరువాత అతడు మొదటిసారి నిద్రించినది సుమారు 14 గంటలే. పోయిన నిద్రను దేహము గంటకు గంట చొప్పున తిరిగి కోరదు. మరింత గాఢముగా నిద్రించి కొంత సర్దుకొనును. ఆ పిల్లవానికి కావలసినది ఈ సంగతియే. వారమునకు మూడు రాత్రుల చొప్పున మూడు నెలలకు మించి ఇట్లే జరుగుచు, పగటి పని చెడుచున్నచో, లేక దిగులు పట్టి యున్నచో, వైద్యునకు చూపవలెను. గట్టిగా గురక పెట్టుచు నడుమ నడుమ ఊపిరి ఆగువారి సంగతి వేరు. వారు ఆలస్యము చేయరాదు.

మొత్తముమీద 'వై ఉయ్ స్లీప్' చదువదగిన గ్రంథమే. నిద్ర స్వరూపమును, నిద్ర వచ్చు విధమును, జ్ఞాపకమును గూర్చిన భాగములను ఉపాధ్యాయులు పాఠములకు వాడుకొనవచ్చును. వ్యాధులను, ఆయుర్దాయమును గూర్చిన వాక్యములను మాత్రము మూలపరిశోధనతో సరిచూచుకొనక తరగతిలో చెప్పరాదు. పటము నుండి తొలగిన ఐదవ కడ్డీని నల్లబల్లపై మరల గీసి చూపినచో, పుస్తకమంతయు చదివించిన దానికంటె ఎక్కువ విజ్ఞానము విద్యార్థికి అబ్బును. నిద్ర పట్టని పాఠకులు చికిత్సను గూర్చిన అధ్యాయమును ముందు చదువుట మంచిది. చదువుట కూడ పగటివేళ మేలు.